జెనెటిక్ అల్గారిథమ్ షెడ్యూలర్ కొంటున్నారా? ఎఫ్‌టీ10 పరీక్షలో 930 కన్నా తక్కువ చూపిస్తే డబ్బు కట్టకండి

భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు ఏరియేటర్ గేర్‌బాక్సులు, రైస్‌మిల్లు స్పేర్లు చేసే వర్క్‌షాపులకి "జెనెటిక్ అల్గారిథమ్" పేరుతో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ అంటగడుతున్నారు. బోలెడు ప్లాన్లు తయారుచేసి, మంచివాటిని కలిపి ఇంకా మంచివి పుట్టించడమే ఈ పద్ధతి. పద్ధతిలో తప్పు లేదు, రాసిన తీరులోనే ఉంది. డెమోలో నాలుగు జాబులు పెట్టి రంగుల చార్టు చూపిస్తారు, అక్కడ ఏమీ బయటపడదు. అసలు ఆర్డర్లు ఎక్కించాక మొత్తం సమయం అనుమానం వచ్చేంత తక్కువ వస్తుంది. కారణం, కొన్ని జాబులు అందులో ఉండనే ఉండవు.

ఎలాగంటే: మూడు జాబులు, ఒక్కోదానికి రెండు ఆపరేషన్లు. క్రోమోజోమ్ (ప్లాన్‌ని అంకెల వరుసగా రాసింది) 1 2 1 3 2 3. మొదటి 1 అంటే ఒకటో జాబు లేతు పని, రెండో 1 అంటే దాని స్లాటింగ్. ఇంకో క్రోమోజోమ్ 3 3 1 2 2 1. రెంటినీ రెండో అంకె తర్వాత కోసి, మొదటిదాని తల, రెండోదాని తోక అతికిస్తే 1 2 1 2 2 1. మూడో జాబు గల్లంతు! పీఓఎక్స్ లాంటి క్రాసోవర్లు (రెండు పేరెంట్ ప్లాన్లను కలిపే పద్ధతులు) పుట్టింది ఇందుకే: కొన్ని జాబుల్ని ఒక పేరెంట్‌లో ఉన్నచోటే ఉంచి, మిగతా ఖాళీల్ని రెండో పేరెంట్ క్రమంలో నింపుతాయి. "ఏ క్రాసోవర్ వాడారు?" అని అడగండి. జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

రెండో మోసం పెనాల్టీల దగ్గర. గడువు దాటిన గంటకి 1 పాయింటు, గేరు పళ్లు కోసే ఒకే హాబింగ్ మెషిన్ మీద ఒకే సమయంలో రెండు జాబులు పడితే 5 పాయింట్లు అని పెడితే, 10 గంటలు ఆదా చేసే దొంగ ప్లానే గెలుస్తుంది. మెషిన్ ఢీకొనడం పెనాల్టీతో తేల్చే విషయం కాదు, అంకెల వరుసని టైమ్‌టేబుల్‌గా మార్చే డీకోడరే దాన్ని రానివ్వకూడదు.

పరీక్ష పెట్టడం సులువు. ఫిషర్, థాంప్సన్ 1963లో ఇచ్చిన షెడ్యూలింగ్ లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. ఎఫ్‌టీ06లో 6 జాబులు, 6 మెషిన్లు, జవాబు (అన్నీ ముగియడానికి పట్టే కనిష్ఠ సమయం) 55. ఇది ప్రతిసారీ రావాలి. ఎఫ్‌టీ10లో 10 జాబులు, 10 మెషిన్లు. దాని కనిష్ఠం 930 అని 1989లో రుజువైంది. వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛికతకి ఇచ్చే మొదటి అంకెలు) ఐదుసార్లు నడిపించండి. 940, 950 వస్తే పర్వాలేదు. 1100కి తగ్గకపోతే జనాభా (ప్లాన్ల గుంపు) మొదట్లోనే ఒకే మూసలో పడిపోయి మ్యుటేషన్ (ప్లాన్లలో యాదృచ్ఛికంగా చేసే మార్పు) చాలడం లేదన్నమాట. 930 కన్నా తక్కువ వస్తే మాత్రం ఎక్కడో షరతు తప్పింది, ఇంకో మాట లేదు.

మన షాపుల్లో ఇంకా చూడాల్సినవి: హార్డెనింగ్ ఫర్నేస్‌లో గేర్లు ఒక్కసారే బోలెడు పడతాయి, మామూలు జాబ్‌షాప్ మోడల్ ఒక్కొక్కటే వేస్తుంది. హాబ్ కట్టర్ మార్చే సమయం ముందు ఏ గేరు చేశామన్నదాన్ని బట్టి మారుతుంది. రొయ్యల చెరువు మీద ఏరియేటర్ ఆగిందని రాత్రి అర్జెంటు పని వస్తే, కొన్ని సాఫ్ట్‌వేర్లు చక్‌లో బిగించి ఉన్న షాఫ్టుని కూడా రేపటికి నెట్టేస్తాయి. నడుస్తున్న ఆపరేషన్లను స్తంభింపజేసే వీలుందో లేదో చూడండి.

అన్నట్టు, గూగుల్ వాళ్ల ఓఆర్-టూల్స్‌లో షెడ్యూళ్లు లెక్కగట్టే సీపీ-శాట్ ఉచితం. ఇంతకన్నా తగ్గదన్న కింది హద్దు కూడా చెబుతుంది, జెనెటిక్ అల్గారిథమ్ అది చెప్పలేదు. కోడు రాసే కుర్రాడు ఒకడు దొరికితే చాలు.

ఇప్పటికే కొన్నవాళ్లు ప్లాన్‌ని ఎక్సెల్‌లోకి దించి, మెషిన్ వారీగా ప్రారంభ సమయం ప్రకారం పేర్చండి. పై వరుస ముగియకముందే కింది వరుస మొదలైతే ఢీకొన్నట్టే. తర్వాత జాబు వారీగా ఆపరేషన్లు లెక్కపెట్టి రూట్ కార్డుతో (జాబు ఆపరేషన్ల జాబితా) సరిచూడండి.