ఇంట్లో వండిన కల్లుమ్మక్కాయ: మా వీధి చేపల దుకాణం సరుకుపై నా అభిప్రాయం

కోళిక్కోడ్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి, ఇక్కడివారు కల్లుమ్మక్కాయ అని ఇష్టంగా పిలుచుకునే పచ్చ అంచుల ఆల్చిప్పలను స్వయంగా వండాలని కోరుకున్నాను. గత ఆదివారం మా వీధి చివరి చేపల దుకాణంలో ఒక కిలో కొన్నాను.

సరుకు తాజాగా ఉంది. సముద్రపు వాసనే తప్ప కుళ్లు వాసన లేదు. అయితే శుభ్రం చేసి ఇచ్చామన్న దుకాణం వారి మాట నిజం కాలేదు. రాళ్లను పట్టుకుని ఉండడానికి ఆ జీవి అల్లుకునే పీచు దాదాపు ప్రతి చిప్పకూ వేలాడుతూనే ఉంది, దాన్ని ఒక్కొక్కటిగా లాగి పెంకులను గీకి కడగడానికి నాకు గంట పట్టింది. తెరుచుకుని ఉండి, తట్టినా మూసుకోని ఆరింటిని పారవేయవలసి వచ్చింది.

అర గ్లాసు నీళ్లు పోసిన గిన్నెలో వేసి, మూతపెట్టి, పెద్ద మంట మీద ఉంచగా ఐదు నిమిషాలలో చిప్పలన్నీ తెరుచుకున్నాయి. ఇంకాసేపు ఉంచితే మాంసం రబ్బరులా సాగుతుంది కనుక వెంటనే దించాలి. అడుగున చేరిన ఊటను పారబోయకండి. వడకట్టి పులుసులో కలిపితే వేరే ఉప్పు దాదాపు అక్కరలేదు. మాంసానికి కారం, పసుపు, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, కొబ్బరి నూనెలో కరివేపాకుతో వేయించాను. రొయ్యలకన్నా మెత్తగా, తియ్యగా ఉన్న ఆ రుచి నన్ను నిజంగా ఆనందపరిచింది. బియ్యపు ముద్దను చిప్పల్లో కూరి ఆవిరిపై ఉడికించి వేయించే మలబారు అరిక్కడుక్క ఇంకా ప్రయత్నించవలసి ఉంది.

ఆ దుకాణంలోనే మళ్లీ కొంటాను, కానీ పీచును నా ఎదుటే తీయించుకుంటాను.