తూగే కోడికి ఏది మేలు: ఇంటి సేవా, పశువుల డాక్టరా?

పొద్దున గంప ఎత్తగానే మా కోళ్ళన్నీ రెక్కలు కొట్టుకుంటూ నిమ్మచెట్ల కిందికి ఉరుకుతాయి. ఆ రోజు ఎర్ర పెట్ట మాత్రం కదల్లేదు. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని ఉన్నచోటనే తూగుతోంది. మా అత్తమ్మ చూసి, "తెగులు తగిలిందమ్మా, ప్రాణం ఉండంగానే కోసేద్దాం" అన్నది. పక్కింటి వదిన "మెడికల్ షాపులో క్యాప్సూల్ తెచ్చి అన్నంలో కలిపి పెట్టు" అన్నది. మా ఆయన పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేద్దామన్నాడు. మా నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు పల్లెల్లో కోడి తూగిందంటే లేచే మాటలే ఇవన్నీ. కొన్ని పెట్టల్ని బతికించుకుని, కొన్నింటిని పోగొట్టుకున్నదాన్ని కాబట్టి ఏ మాట ఎప్పుడు వినాలో చెప్పగలను.

కోసుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. బాగా ఉడికితే ఏమీ కాదంటారు. నిజమే, కానీ ప్రమాదం కూర దగ్గర కాదు, కోసే చేతుల దగ్గర. రక్తం, రెట్ట, పేగులు తగిలేది అప్పుడే. సంతలో అమ్మేస్తే ఆ తెగులును ఇంకో ఊరికి మనమే మోసుకెళ్ళినట్టు. 2024 ఫిబ్రవరిలో మా మండలంలోని చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళు వరసగా చచ్చిపోతే శాంపిళ్ళు భోపాల్ ల్యాబుకు పంపారు. బర్డ్ ఫ్లూ అని తేలింది, చుట్టుపక్కల చికెన్ షాపులు మూయించారు. ఆ సంగతి గుర్తు చేయగానే అత్తమ్మ కత్తి పక్కన పెట్టేసింది.

క్యాప్సూల్ మాట కూడా నేను ఒప్పుకోను. మన పల్లెల్లో కోళ్ళను ఎక్కువగా తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. అది వైరస్ వల్ల వస్తుంది, ఆ క్యాప్సూల్‌లో ఉండే యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. మనిషికి కొలిచి చేసిన బిళ్ళలో కిలోన్నర కోడికి ఎంత పెట్టాలో షాపువాడికీ తెలియదు, మనకూ తెలియదు. పైగా ఆ మందు గుడ్డులోకి దిగుతుంది, ఆ గుడ్డు మన పిల్లలకే పెడతాం. డాక్టరు రాసిస్తే వేరు. ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా ఆయన్నే అడగాలి.

ఇక మిగిలినవి రెండు: ఇంటి సేవ, డాక్టరు. ముందుగా చేయాల్సింది మాత్రం ఇంట్లోనే. జబ్బు కోడిని మిగతావాటి నుంచి వేరుచేసి, దూరంగా గాలి తగిలే చోట గంప కింద ఉంచండి. అడుగున పాత పేపరు పరవండి. ఆ పేపరు మీద పడే రెట్టే మనకు రిపోర్టు. ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. తూగే కోడి ఆ వేడిని నిలుపుకోలేకనే ఈకలు ఉబ్బిస్తుంది. వాన రోజుల్లో, చలి రోజుల్లో గంపకు ఒక పక్కన మాత్రమే 60 వాట్ల బల్బు పెట్టండి, వేడి ఎక్కువైతే రెండో పక్కకు జరుగుతుంది. రోహిణి కార్తెలో అయితే అంతా తలకిందులు. నోరు తెరిచి, రెక్కలు విప్పి రొప్పుతుంటే అది చాలాసార్లు తెగులు కాదు, వడదెబ్బ. నీడ, చల్లని నీళ్ళు, కాళ్ళకు తడి. అంతే.

నీళ్ళు తాపడం దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. ముక్కు తెరిచి గ్లాసుతో పోసేస్తారు. కోడికి ఊపిరి గొట్టం నోరు నాలుక వెనకాలే ఉంటుంది, బలవంతంగా పోసిన నీళ్ళు నేరుగా అందులోకే పోతాయి. "మందు తాపాను, అంతలోనే పోయింది" అని ఏడ్చినవాళ్ళను చూశాను. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, డ్రాపర్‌తో ముక్కు అంచున ఒక్కో చుక్క వేయండి. అదే చప్పరించి మింగుతుంది. పది నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టాలి. పసుపు, వెల్లుల్లి నేనూ కొంచెం పెడతాను గానీ వాటితో తెగులు పోతుందని మాత్రం చెప్పను.

జుట్టు మీద, కళ్ళ చుట్టూ బొబ్బలు లేచే అమ్మవారుకు ఇంటి సేవే మేలు. దోమల వల్ల వస్తుంది, పొక్కులు రెండు మూడు వారాల్లో వాటంతటవే రాలిపోతాయి. కళ్ళు మూసుకుపోయిన కోడికి మేత కనపడదు కాబట్టి చేత్తో తినిపించాలి, కళ్ళు తుడవాలి. నోటి లోపల కూడా పొర కడితే మాత్రం డాక్టరుకు చూపించండి.

కోడిపిల్లలు నెత్తురు రెట్ట వేస్తుంటే ఒక్క పూట కూడా ఆగొద్దు. రక్తపారుడుకు సరైన మందు ఉంది, ఆలస్యమైతేనే పిల్లలు పోతాయి. ఆకుపచ్చ పారుడు, గురక, మెడ మెలితిరగడం కనిపిస్తే కొక్కెర తెగులు అనుకోండి. దానికి ఇంటి వైద్యమూ లేదు, డాక్టరు దగ్గర మందూ లేదు. అయినా డాక్టరుకు చెప్పాల్సిందే, మిగతా కోళ్ళను ఎలా కాపాడుకోవాలో ఆయనే చెప్పాలి. ఒకేసారి రెండు మూడు చచ్చిపోతే, జుట్టు నల్లగా నీలంగా మారితే ఉత్త చేతులతో ముట్టుకోకుండా ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గరికి పోవడంలో ఇబ్బందీ ఉంది. ఒకసారి నేను కోడిని సంచిలో పెట్టుకుని పోయి, బర్రెల మధ్య రెండు గంటలు ఎండలో కూర్చున్నాను. తిరుగు ఆటోలోనే అది ప్రాణం వదిలింది. అప్పటినుంచి కోడిని కదిలించను. రెట్ట పడిన పేపరు మడిచి కవర్లో వేసుకుని, కోడి తూగడం ఫోన్లో వీడియో తీసుకుని పోతాను. అప్పుడే చచ్చిన కోడి ఉంటే దాన్నే కవర్లో చుట్టి తీసుకుపోతాను. డాక్టరు కోసి లోపల చూస్తే, బతికున్న కోడి చెప్పలేనిది అది చెబుతుంది. అలా ఒక్కదాన్ని చూపించి మిగతావాటిని నిలుపుకున్నాం.

ఎర్ర పెట్టకు ఇవేవీ కాదు. గంట తర్వాత చూస్తే పేపరు మీద రెట్ట లేదు, తోక కిందా పైకీ ఆడిస్తూ ముక్కుతోంది. వేలితో మెల్లగా తడిమితే కింద గుండ్రంగా తగిలింది, గుడ్డు అడ్డం పడింది. బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. కాసేపటికి మెడ వాల్చేసి నా చేతి మీద ఆనుకుంది. తుడిచి, కింద ఆముదం రాసి చీకటి మూలలో గంప మూశాను. మధ్యాహ్నానికి పెంకు గట్టిపడని తోలుగుడ్డు పెట్టింది. పెంకుకు సున్నం చాలలేదని అత్తమ్మ ఆ సాయంత్రమే గుడ్డు పెంకులు పెనం మీద వేయించి, రోట్లో నూరి నూకల్లో కలిపింది.