కీమో పిల్లలకు ఫంగస్: ఆంఫోటెరిసినా, వోరికొనజోలా?

నెల్లూరులో పిల్లల డాక్టరుగా నేను ఈ మధ్య పదే పదే వింటున్న ప్రశ్న ఇది. బ్లడ్ క్యాన్సర్‌కు చెన్నైలో కీమో చేయించుకుంటూ, మధ్యలో కావలికో ఆత్మకూరుకో ఇంటికొచ్చిన పిల్లల అమ్మానాన్నలు అడుగుతారు. "మేడమ్, ఊపిరితిత్తుల్లో ఫంగస్ అన్నారు. రోజూ ఇంజెక్షనంట. మాత్రలు రాస్తే ఇంటికి పోతాం గదా?"

అడగడంలో తప్పు లేదు. ఆ రోజువారీ ఇంజెక్షన్ ఆంఫోటెరిసిన్, మాత్రగానూ దొరికే ఫంగస్ మందు వోరికొనజోల్. ఆ ఫంగస్ ఆస్పర్జిల్లస్ అనే రకమని తేలితే మొదట చెప్పుకునే మందు వోరికొనజోలే. కిడ్నీలను పెద్దగా ఇబ్బంది పెట్టదు. బిడ్డ తేరుకున్నాక ఇంజెక్షన్ ఆపి మాత్రలకు మారొచ్చు. వైద్యం కనీసం 6 నుంచి 12 వారాలు సాగుతుంది కాబట్టి ఇంటిపట్టున వాడుకునే వీలు చిన్న విషయం కాదు.

అయినా నేను ముందు చూసేది కీమో కాగితం. అందులో విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఉందా? లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ ఉంటుంది, మొదటి నెలలో వారం వారం ఇస్తారు. దాన్ని లివర్‌లో విరగ్గొట్టే ఎంజైమును వోరికొనజోల్ అడ్డుకుంటుంది. దాంతో విన్‌క్రిస్టిన్ ఒంట్లో నిలిచిపోయి నరాలను దెబ్బతీస్తుంది. ఆరేళ్ల పాప ఒకతె నడుస్తుంటే కుడికాలి చెప్పు ఊరికే జారిపోతోంది. కొత్త చెప్పులు వదులయ్యాయనుకుంది వాళ్లమ్మ. చూస్తే పాదం పైకి లేవడం లేదు. ఐదు రోజులుగా విరేచనం కాలేదు, పొట్ట గట్టిగా ఉబ్బి ఉంది. సంచిలో వోరికొనజోల్ మాత్రలు. ఆ నడక కుదుటపడడానికి నెలలు పట్టింది.

అందుకే విన్‌క్రిస్టిన్ నడుస్తున్నన్నాళ్లూ నేను లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ (మందును కొవ్వు పొరలో చుట్టిన కొత్త రకం) వైపే మొగ్గుతాను. రోజుకు కిలో బరువుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు, సుమారు రెండు గంటల డ్రిప్. మ్యూకర్ అనే మరో ఫంగస్ భయం ఉన్నా ఇదే మేలు. 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ అని అందరం విన్నది దాన్నే. వోరికొనజోల్ దానిమీద పనిచేయదు. స్కాన్‌లో మచ్చ కనబడి, ఏ ఫంగసో ఇంకా తేలనప్పుడు ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

ఖర్చు ఎక్కువే. పాత ఆంఫోటెరిసిన్ చౌక, కానీ నాలుగు నుంచి ఆరు గంటలు ఎక్కించాలి. అది ఎక్కుతుంటే చలి పుడుతుంది. రోహిణి కార్తెలో బిడ్డకు రెండు దుప్పట్లు కప్పి, వణుకు ఆగక తల్లి పైనుంచి వాటేసుకుని కూర్చోవడం చూశాను. కిడ్నీలకూ దెబ్బ ఎక్కువ. అదే గతి అయితే ముందు సెలైన్ ఎక్కించాలి, మందును మాత్రం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్లు)లోనే కలపాలి, సెలైన్‌లో విరిగిపోతుంది. ఏ ఆంఫోటెరిసిన్ అయినా రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తరచూ చూడాల్సిందే.

విన్‌క్రిస్టిన్ లేని దశలో వోరికొనజోల్‌కు నేనూ సంతోషంగా మారతాను. అయితే పిల్లల ఒళ్లు ఈ మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది, కిలో లెక్కన పెద్దలకన్నా ఎక్కువ ఇవ్వాలి. అదే డోసు ఒక బిడ్డకు చాలదు, ఇంకో బిడ్డకు ఎక్కువైపోతుంది. రక్తంలో మందు ఎంతుందో కొలిపించకుండా వాడడం నాకు ఇష్టం లేదు. అన్నానికి గంట ముందో, గంట తర్వాతో వేయాలి. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, నిండు చేతుల చొక్కా, టోపీ తప్పనిసరి.

రక్తంలో కాండిడా అనే ఇంకో ఫంగస్ ఉంటే కాస్పోఫంజిన్ లేదా మైకాఫంజిన్ మంచివి, ఇంజెక్షన్లే. వోరికొనజోల్ కుటుంబానికే చెందిన ఫ్లూకొనజోల్ ఆస్పర్జిల్లస్‌కు పనికిరాదు. అదే కుటుంబంలోని పోసాకొనజోల్‌కూ వోరికొనజోల్ లాగే విన్‌క్రిస్టిన్‌తో పేచీ.

మాత్రల మీద ఇంటికొచ్చినవాళ్లు, తర్వాతి కీమో తేదీ ఇవ్వగానే ఆ మాత్ర పేరు మీ క్యాన్సర్ డాక్టరుకు ఫోన్‌లోనే చెప్పండి. చెన్నై బస్సెక్కేదాకా ఆగొద్దు, మీ అంతట మీరు మాత్ర మానెయ్యనూ వద్దు.