రోమ్‌లో చేప ఆర్డర్ చేసేముందు ఇది చదవండి

రోమ్ వెళ్లే ప్లాన్‌లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లను తీసుకెళ్తున్నవాళ్లు, దయచేసి పూర్తిగా చదవండి. పోయిన నెల మేం దిగిన రోజే ముగ్గురి భోజనానికి 193 యూరోలు కట్టాం. మన డబ్బుల్లో 19 వేల పైనే.

హోటల్ చేరేసరికి చీకటి పడింది. విమానంలో పెట్టింది మావయ్యగారికి సయించలేదు, అందరం ఆకలి మీద ఉన్నాం. వాటికన్ దగ్గరి వీధిలో ఒకతను మెనూ చేత్తో పట్టుకుని "నమస్తే, ఇండియా?" అని పలకరించి లోపల కూర్చోబెట్టాడు. మేం మెనూ తెరవకముందే ఇంకొకతను ఐస్ పరిచిన పళ్లెంలో చేప తెచ్చి చూపించాడు. స్పిగోలా అట. కన్ను తేటగా ఉంది. మొప్ప ఎత్తి చూపిస్తే లోపల ఎర్రగా ఉంది. మావయ్యగారిది భీమవరం. "పండుగప్పలా ఉందమ్మా, తాజాది, తీసుకుందాం" అన్నారు. మెనూలో దాని ఎదురుగా 8 అని ఉంది. ఎనిమిది యూరోలే కదా అనుకున్నాం.

ఆ 8 పక్కన సన్నగా 'ఎత్తో' అని ఉంది. ఎత్తో అంటే 100 గ్రాములు. మాకు తెచ్చిన చేప బరువు కేజీ నాలుగొందల గ్రాములు, అంటే 112 యూరోలు. అదీ తల, ముల్లుతో సహా వండకముందు తూకం. కొన్ని మెనూల్లో ఎత్తో బదులు 'హెచ్‌జీ' అని రాస్తారు, అర్థం అదే. 'ఎస్.క్యూ.' అని ఉంటే తూకాన్ని బట్టి ధర అని. చేపను వంటింట్లోకి తీసుకెళ్లకముందే తూయించండి, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. కేజీ ఎంతో అడగకుండా ఏనాడూ చేప కొనని మావయ్యగారు, ఆ రాత్రంతా "నేనే తీసుకుందామన్నాను" అని బాధపడుతూనే ఉన్నారు. డబ్బు కన్నా అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

మిగతా బిల్లు: రెండు పాస్తాలు 28, సలాడ్ 9, రెండు నీళ్ల సీసాలు 10. అడక్కుండానే టేబుల్ మీద పెట్టిన బ్రెడ్‌కి మనిషికి 3 చొప్పున 9. చేపతో సహా వీటన్నిటి మీద 'సెర్విత్సియో', అంటే సర్వీస్ ఛార్జీ పేరుతో 15 శాతం. రోమ్ ఉన్న లాట్సియో ప్రాంతంలో కూర్చున్నందుకు వేసే 'కోపెర్తో' ఛార్జీని 2006లోనే చట్టం చేసి ఆపేశారు. అందుకే ఇప్పుడు 'పానె', అంటే బ్రెడ్ పేరుతో వేస్తున్నారు. వద్దనుకుంటే బుట్ట పెట్టగానే వెనక్కి పంపండి. సెర్విత్సియో ఉందో లేదో ఆర్డర్ ఇచ్చేముందే మెనూ కింద చూసుకోండి. అది వేశాక మళ్లీ టిప్ అడిగితే ఇవ్వక్కర్లేదు.

కార్డు దగ్గర ఇంకో దెబ్బ. మెషీన్ యూరోలా, రూపాయలా అని అడుగుతుంది. మాకు చూపించకుండా వెయిటరే రూపాయలు నొక్కేశాడు. అలా చేస్తే మారకం రేటు వాళ్లదే, మనకు నష్టం. మెషీన్ మీ చేతిలోకి తీసుకుని యూరోలే నొక్కండి.

మాకు మొదట ఇచ్చింది చేత్తో రాసిన చీటీ. 'స్కొంత్రినో' అని గట్టిగా అడిగాకే అసలు రసీదు వచ్చింది. ఇవ్వనంటే 117కి ఫోన్ చేయొచ్చు, అది అక్కడి ఆర్థిక పోలీసుల నంబరు. తాగే నీళ్లకైతే వీధుల్లో 'నసోనె' అనే కుళాయిలు ఉంటాయి. రోజంతా పారుతుంటాయి, నీళ్లు చల్లగా బాగుంటాయి. ఖాళీ సీసా వెంట పెట్టుకోండి.

త్వరలో వెళ్తున్నవాళ్లు ఉంటే, రెస్టారెంట్ బయట పెట్టిన మెనూ ఫోటో తీసి నాకు పంపండి. చూసి వెంటనే చెప్తాను.