ప్రైవేటు ఇంగ్లీషు పాఠాలు, వార్తల చదువు: 14 నెలల అనుభవం

విజయనగరంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో సైన్సు బోధించే నేను, తరగతిలో ఇంగ్లీషు తడుముకుంటూ మాట్లాడవలసి వస్తోందన్న దిగులుతో, 14 నెలల క్రితం హైదరాబాదులో ఉండే ఒక మేడమ్ దగ్గర ఆన్‌లైన్ పాఠాలకు చేరాను. వారానికి మూడు పాఠాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. పాఠానికి 300 రూపాయల చొప్పున నెల ఫీజు ముందే కట్టాలి.

నాకు అన్నిటికంటే మేలు చేసింది వార్తల చదువు. పాఠానికి ముందురోజు మేడమ్ ఒక వార్త లింకు పంపుతారు. మొదట్లో, సుమారు 1,500 మాటల పరిధిలో రాసే పద్ధతితో 1959లో మొదలైన వాయిస్ ఆఫ్ అమెరికా సులభ ఇంగ్లీషు విభాగం కథనాలు చదివాం, తరువాత మన దినపత్రికల వెబ్‌సైట్లకు వచ్చాం. తెలుగులో 'ఎ', 'ద' వంటి మాటలు లేవు కనుక మనం వాటిని వదిలేస్తుంటాం. పత్రికల శీర్షికల్లోనూ అవి ఉండవు కనుక, శీర్షికలనే చదివి సరిపెట్టుకుంటే ఆ తప్పు మరింత గట్టిపడుతుంది. అందుకే ప్రతి శీర్షికనూ నిండు వాక్యంగా మార్చి చెప్పమనేవారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను పాత వార్త చదివినప్పుడు, శీర్షికలో 'క్రాసెస్ కోస్ట్' అని ఉన్నా, జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు 'క్రాస్డ్ ద కోస్ట్' అనాలని అర్థమైంది. విదేశీ వార్తల్లో దీన్నే 'మేడ్ ల్యాండ్‌ఫాల్' అంటారు. మా అమ్మగారి ఊరు ఉద్దానంలో ఉంది. అక్కడ కూలిన కొబ్బరిచెట్ల గురించి, జీడితోటల గురించి చెబుతూ, మధ్యలో తెలుగు మాట దొర్లకుండా పది నిమిషాలు మాట్లాడగలిగింది ఆ రోజే.

రద్దు నిబంధన మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. 24 గంటల ముందు చెప్పకపోతే ఆ పాఠం పోయినట్టే. దసరా వెళ్లిన మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం, ఇంటి నిండా చుట్టాలు. ఆ ఉదయం చెప్పినందుకు పాఠం పోయింది. పండుగ తేదీ నాకు ముందే తెలుసు, మేడమ్‌కు తెలిసే అవకాశం లేదు. కనుక ఆ తప్పు నాదే. కాని గాలివానకు కరెంటు, సిగ్నలు రెండూ పోయి 18 నిమిషాలకే ఆగిన పాఠాన్ని పూర్తి పాఠంగా లెక్కించడం, మేడమే గంట ముందు రద్దు చేసినప్పుడు వేరే రోజుకు మార్చి ఊరుకోవడం న్యాయం కాదని వారికి వివరంగా రాశాను. కరెంటు పోయిన పాఠాన్ని ఆ నెలలోనే మళ్లీ చెప్పడానికి ఒప్పుకున్నారు. తమ వైపు రద్దుకు పరిహారం మాట ఇంకా తేలలేదు.

చేరదలచినవారు డబ్బు కట్టకముందే రద్దు గడువు ఎంతో, కరెంటు పోతే ఏమిటో, టీచరే మానితే ఏమిటో అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోవాలి. నేను వచ్చే నెల ఫీజు కూడా కట్టాను, ఈసారి సైన్సు వార్తలు ఎక్కువగా పంపమని కోరాను.