నక్షత్రాల పుట్టుక లెక్కకు ఏది మేలు: 1.4 గిగాహెర్ట్జా, 33 గిగాహెర్ట్జా?

ఎం82 గెలాక్సీలో ఏటా సుమారు పది సూర్యుళ్లంత వాయువు కొత్త నక్షత్రాలుగా మారుతోంది. మన పాలపుంతలో అయితే ఒకటో రెండో. చిక్కేమిటంటే, అవి పుట్టే చోటంతా కాంతిని అడ్డుకునే దట్టమైన దుమ్ము. 2014లో ఎం82లో కనబడ్డ సూపర్‌నోవా (నక్షత్రపు పేలుడు) చిన్న టెలిస్కోపులకు కూడా చిక్కింది. 2008లో అదే గెలాక్సీ నడిబొడ్డున పేలింది మాత్రం మామూలు కాంతిలో కనబడనే లేదు, మరుసటి ఏడాది రేడియోలో బయటపడింది. కాబట్టి దుమ్మును దాటొచ్చే రేడియో తప్పదు. ఏ ఫ్రీక్వెన్సీలో చూడాలన్నదే తేల్చుకోవాలి.

ఎక్కువమంది వాడేది 1.4. అక్కడ అందేది చాలావరకు సింక్రోట్రాన్ ఉద్గారం. సూపర్‌నోవా అవశేషాల్లో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ వెలువరించేది ఇది. అంటే చావుల రిజిస్టరు చూసి పుట్టుకలు లెక్కగట్టడమే! సూర్యుడికి ఎనిమిది రెట్ల బరువున్న నక్షత్రం పేలాలంటే 3, 4 కోట్ల ఏళ్లు పడుతుంది. నక్షత్రాల పుట్టుక ఈమధ్యే ఊపందుకుంటే 1.4 తక్కువ చూపిస్తుంది, ఈమధ్యే తగ్గిపోతే ఎక్కువ చూపిస్తుంది. గెలాక్సీ మధ్యలో చురుకైన బ్లాక్‌హోల్ ఉంటే దాని వాటా కూడా ఇందులోనే కలిసిపోతుంది.

33 దగ్గర ఫ్రీ-ఫ్రీ ఉద్గారానిది పెద్ద వాటా. భారీ నక్షత్రాల అతినీలలోహిత కాంతికి హైడ్రోజన్ నుంచి విడివడ్డ ఎలక్ట్రాన్లు, ప్రోటాన్ల పక్కగా పోతూ దారి మళ్లినప్పుడు వచ్చేది ఇది. ఆ నక్షత్రాలు బతికేది ఇంచుమించు కోటి ఏళ్ల లోపే కనుక ఇది తాజా కబురు.

చిన్న లెక్క చూద్దాం. 1.4 దగ్గర మొత్తం 100 అనుకుంటే మామూలుగా 90 సింక్రోట్రాన్, 10 ఫ్రీ-ఫ్రీ. 33కి వెళ్లేసరికి సింక్రోట్రాన్ దాదాపు పన్నెండో వంతుకు పడిపోయి 7 అవుతుంది. ఫ్రీ-ఫ్రీ పెద్దగా తగ్గదు, అదీ 7 దగ్గరే నిలుస్తుంది. సగం సగం అన్నమాట. కానీ 100 కాస్తా 14 అయింది. సిగ్నల్ ఏడో వంతే, పైగా గాలిలోని తేమ బెడద.

అసలు టెన్షన్ ఆకాశపు వైశాల్యంతో. అమెరికాలోని రేడియో టెలిస్కోపు వీఎల్‌ఏలో 25 మీటర్ల డిష్ 1.4 దగ్గర ఒకేసారి నిండు చంద్రుడంత మేర చూస్తుంది. 33 దగ్గర ఆ వెడల్పులో ఇరవయ్యో వంతు కూడా రాదు. పుణె దగ్గరి మన రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ అయితే 1.45 దగ్గరే ఆగిపోతుంది.

నా ఓటు: ఎం82, ఎన్‌జీసీ 253 లాంటి దగ్గరి గెలాక్సీని ఒక్కదాన్నే లోతుగా చూడాలంటే కళ్లుమూసుకుని 33. వేల గెలాక్సీల సర్వే అయితే 1.4 చాలు. కొత్త నక్షత్రాల వల్ల వేడెక్కిన దుమ్ము వెలువరించే దూర పరారుణ కాంతితో 1.4కి కుదిరే పొంతన ఎంత గట్టిదంటే, ఒక్కో గెలాక్సీలో తప్పినా గుంపు మీద లెక్క నిలబడుతుంది. 150 మెగాహెర్ట్జ్ మాత్రం ఈ పనికి వద్దు. ఎం82 లాంటి గెలాక్సీ నడిమి భాగంలో అయనీకృత (ఎలక్ట్రాన్లు విడివడ్డ) వాయువే ఆ తరంగాలను చాలావరకు మింగేస్తుంది.