నల్లగొండలో ఉచిత వకీలు సేవ: యాక్సిడెంట్ కేసుకు పనికొస్తుంది, ఆరు నెలలు దాటనీయకండి

రోడ్డు ప్రమాదంలో కాలో చెయ్యో విరిగి, వకీలు ఫీజు కట్టలేక ఆగిపోయినవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవడం మంచిది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయం ఎంతున్నా వకీలును పెడతారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. ముందుగా 15100కు ఫోన్ చేసి అడగొచ్చు, పైసా ఖర్చు లేదు.

చిక్కల్లా గడువుతోనే. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో, పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో పిటిషన్ పడాలి. జూన్ 10న దెబ్బ తగిలితే డిసెంబరు 10 లోపు. 1994 నుంచి అప్పటిదాకా గడువే లేదు, అందుకే ‘ఓపీ (పరిహారం పిటిషన్) ఎప్పుడేసినా నడుస్తది’ అనే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. గడువు దాటిందని కేసులు కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ అది తుది తీర్పు కాదు, మధ్యంతర ఉత్తర్వే, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

న్యాయసహాయానికి దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన కేసు వేసినట్టు కాదు. దాన్ని చూసి వకీలును కేటాయించాలి, వకాల్తా (వకీలుకు కేసు అప్పగించే కాయితం) మీద సంతకం కావాలి, పిటిషన్ తయారవ్వాలి. వీటన్నిటికీ రోజులు పడతాయి కాబట్టి రెండో నెలలోనే పోవాలి. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, దవాఖాన డిశ్చార్జి కాయితం, మందుల బిల్లులు, బండి ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ నకళ్లు వెంట ఉండాలి. పాలసీ నంబరు లేకుంటే ఏ కంపెనీ మీద వేయాలో తేలదు. ప్రమాదం హైదరాబాద్‌లో జరిగినా, ఉండేది ఈ జిల్లాలోనైతే ఇక్కడే వేసుకోవచ్చు.

ఎక్కువమంది గడువు పోగొట్టుకునేది రెండు చోట్ల. ఒకటి, పెద్దమనుషుల పంచాయితీ. బండి ఓనరు ‘వచ్చే నెల ఇస్త’ అంటూనే ఆరు నెలలు గడిపేస్తాడు. రెండోది వైకల్య సర్టిఫికెట్. ఎముక అతికాక మెడికల్ బోర్డు చూసి శాతం రాసేసరికి ఏడాది పట్టొచ్చు, దాని కోసం ఆగొద్దు. పిటిషన్ ముందు వేసి, సర్టిఫికెట్‌ను సాక్ష్యం దశలో పెట్టుకోవచ్చు.

లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే సంతకానికి ముందు కాలులోని రాడ్డు సంగతి అడగండి. దాన్ని తీసే ఆపరేషన్‌కు ఎంతవుతుందో డాక్టరుతో రాయించుకుని ఆ మొత్తాన్నీ కలిపి అడగాలి. అక్కడి అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు.